కిటికీ మార్చే ముందు తేల్చుకోవాల్సింది: పాత ఫ్రేము ఉంచాలా, పీకేయాలా?

కిటికీలు మార్చాలన్న మాట ఇంట్లో వచ్చిందంటే చర్చ మెటీరియల్ దగ్గరే మొదలవుతుంది. యూపీవీసీ పెట్టిద్దామా, అల్యూమినియమా, మళ్లీ చెక్కేనా అని. అది తర్వాత తేలాల్సిన సంగతి. ముందు తేలాల్సింది, గోడలో ఇప్పుడున్న కిటికీలో ఎంత భాగం ఉంచుతాం, ఎంత తీసేస్తాం అన్నది. గోడ పగలగొట్టాలా వద్దా, గదిలో వెలుతురు ఎంత తగ్గుతుంది, వాననీరు ఎటు పోతుంది, పని ఒక పూటలో అయిపోతుందా రోజుల తరబడి సాగుతుందా అన్నవన్నీ ఈ నిర్ణయాన్ని పట్టుకునే వస్తాయి. ఎంత ఖరీదైన కిటికీ తెచ్చినా పద్ధతి తప్పితే మొదటి పెద్ద వానకే సిల్ (కిటికీ అడుగు గట్టు) కింద గోడ చెమ్మగిల్లుతుంది.

పద్ధతులు నాలుగు. ఫ్రేమును అలాగే ఉంచి రెక్కలు, అద్దాలు, బందులు మాత్రమే మార్చడం ఒకటి. పాత రెక్కలు తీసేసి, పాత ఫ్రేము లోపలే కొత్త కిటికీని ఫ్రేముతో సహా కూర్చోబెట్టడం రెండోది. దీన్ని ఇన్సర్ట్ అంటారు, కొందరు రెట్రోఫిట్ అంటారు. పాత ఫ్రేమును కూడా పీకేసి, ఇటుక కనిపించేదాకా శుభ్రం చేసి కొత్తది బిగించడం మూడోది. ఉన్న కిటికీ జోలికి పోకుండా గది వైపున ఇంకో కిటికీ పెట్టడం నాలుగోది. ఇంట్లో అన్ని కిటికీలకూ ఒకే పద్ధతి ఉండాలన్న నియమం లేదు. వాన కొట్టే వైపు ఫ్రేములు పీకి, వరండా కింద నీడలో ఉన్నవాటికి రెక్కలు మాత్రం మార్చుకోవచ్చు. అన్నీ ఒకే రకంగా చేద్దామనడం పనిచేసేవాళ్లకు సులువు గానీ, ఇంటికి అవసరం కాదు.

ముందు పాత ఫ్రేమును పరీక్షించండి

చెక్క ఫ్రేముకు ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చి చాలు. పైన రంగు నిగనిగలాడుతోందని నమ్మకండి. చెక్క చెడేది కింది నుంచి. నిలువు చెక్కలు కింది అడ్డచెక్కతో కలిసే మూలలు, అక్కడి నుంచి జానెడు ఎత్తు వరకు, బయటి వైపు సిల్ ముఖం: ఈ చోట్లు చూస్తే మిగతా ఫ్రేము సంగతి చాలావరకు తెలిసిపోతుంది. స్క్రూడ్రైవరు మొనను మూలలో ఆనించి చేతి బలంతో నొక్కండి. గట్టి చెక్కయితే చిన్న గుంట పడుతుంది, అంతే. 5 మి.మీ. కంటే లోపలికి దిగిందంటే కుళ్లు పట్టినట్టే. దిగిన మొనను అలాగే పైకి లేపి చూడండి. మంచి చెక్క పొడవాటి పీచుగా లేస్తుంది. కుళ్లింది పొట్టి ముక్కగా పుటుక్కున విరుగుతుంది. సుత్తి పిడితో పైనుంచి కిందికి తట్టుకుంటూ వస్తే చెదలు తిన్నచోట చప్పుడు డొల్లగా మారుతుంది. తేమ కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. 20 శాతం దాటి తేమ నిలిచే చెక్కలోనే కుళ్లు పెరుగుతుంది. కాబట్టి వాన వెలిసి వారం గడిచాక కూడా అంత చూపిస్తోందంటే నీరు ఎక్కడి నుంచో ఇంకా వస్తోందన్నమాట.

కుళ్లు ఒక్క మూలకే ఉంటే ఫ్రేము మొత్తం పీకనక్కర్లేదు. చెడిన చోటికి పైన 50 నుంచి 75 మి.మీ. గట్టి చెక్క కూడా కలుపుకొని ఏటవాలుగా కోసి, అదే జాతి చెక్క ముక్కను ఎపాక్సీతోనూ స్క్రూలతోనూ అతికించవచ్చు. ఏటవాలుగా కోస్తేనే అతుకు గట్టిగా నిలుస్తుంది. కింది అడ్డచెక్క మొత్తం మెత్తబడినా, రెండు నిలువు చెక్కల అడుగులూ పోయినా మాత్రం అతుకుల మాట మానేయండి. దాని మీద ఇన్సర్ట్ కూడా పెట్టకండి. ఇన్సర్ట్ బరువంతా ఆ కింది చెక్క మీదే పడుతుంది.

ఇనప కిటికీల లెక్క వేరు. తుప్పు, తాను తినేసిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఉబ్బు అద్దాన్ని, గోడ పూతను నెడుతుంది. ఎవరి చెయ్యీ తగలకుండానే ఇనప కిటికీ అద్దం మూల నుంచి ఏటవాలుగా పగిలినా, ఫ్రేము కింది మూల దగ్గర పూత బీటలిచ్చినా చాలాసార్లు కారణం ఇదే. పైపై తుప్పయితే వైరు బ్రష్షుతో గీకి, జింకు ప్రైమరు వేసి, కొత్త లప్పం పెట్టి ఏళ్ల తరబడి నడపొచ్చు. కింది కమ్మీ పొరలు పొరలుగా లేస్తుంటే అది తీసేయాల్సిందే. పాత అల్యూమినియం ఫ్రేములు తీర ప్రాంతపు ఉప్పుగాలిని మినహాయిస్తే తొందరగా పాడుకావు. వాటిలో పోయేవి రబ్బరు గాస్కెట్లు, బ్రష్ సీళ్లు, స్లైడింగ్ చక్రాలు, మూల అతుకులు. ఇవన్నీ విడిగా మార్చుకోగలిగినవే. యూపీవీసీ మూలలో వెల్డింగు విడితే మాత్రం దాన్ని నమ్మదగ్గట్టు బాగుచేసే మార్గం లేదు.

నీరు కారుతోందని కిటికీ మార్చాలనుకునేవాళ్లు ఒక పరీక్ష తప్పకుండా చేయాలి. లోపల ఒకరు టార్చి పట్టుకుని నిలబడాలి, బయట ఒకరు పైపుతో నీరు పట్టాలి. మొదట సిల్ కింది గోడ మీద, తర్వాత సిల్ మీద, తర్వాత ఫ్రేముకూ గోడకూ మధ్య అతుకు మీద, తర్వాత రెక్కల మీద, చివరికి పైన లింటెల్ (కిటికీ పై గోడ బరువు మోసే దూలం), సన్‌షేడ్ గోడను కలిసేచోట. కింది నుంచి పైకే వెళ్లాలి, ఒక్కోచోట పది నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీరు కిందికి జారి అన్నీ ఒకేసారి తడుస్తాయి, కారేది ఎక్కడో ఏమీ తేలదు. రెక్కలు తడిపినప్పుడే కారితే గాస్కెట్లతోనో కొత్త రెక్కలతోనో సరిపోవచ్చు. ఫ్రేమూ గోడా కలిసేచోట కారితే ఇన్సర్ట్ దానికి మందు కాదు. ఆ అతుకు పాత ఫ్రేము వెనకాల అలాగే మిగిలిపోతుంది. సన్‌షేడ్ దగ్గర కారితే కిటికీది తప్పే కాదు, గోడకు వైద్యం చేయాలి. ఒక్క గంట పని ఇది. దీన్ని దాటేసి కిటికీలన్నీ మార్చినా చెమ్మ మాత్రం పాత చోటే కనిపిస్తూ ఉంటుంది.

ఇన్సర్ట్‌తో వెలుతురు ఎంత పోతుంది?

గోడ పగలదు, దుమ్ము తక్కువ, టైల్సుకూ రంగుకూ దెబ్బ తగలదు, ఒక్కో కిటికీ రెండు మూడు గంటల్లో అయిపోతుంది. ఇన్సర్ట్‌కు ఇన్ని సుగుణాలున్నాయి. దానికి చెల్లించే మూల్యం అద్దం వైశాల్యం. అది ఎంతో చాలామంది ముందు లెక్క వేసుకోరు.

గోడలో ఖాళీ 1200 × 1200 మి.మీ. అనుకోండి. పాత చెక్క ఫ్రేము ముఖం 65 మి.మీ. కొత్త తెరుపుడు రెక్క కిటికీలో ఫ్రేమూ రెక్క అంచూ కలిపి ఒక్కో వైపు 110 మి.మీ. దాకా అద్దాన్ని తినేస్తాయి. పాత ఫ్రేము పీకి కొత్తది పెడితే చుట్టూ 5 మి.మీ. సందు పోగా ఫ్రేము 1190, అద్దం 970 × 970, అంటే 0.94 చదరపు మీటర్లు. అదే ఇన్సర్ట్ అయితే పాత ఫ్రేము లోపలి కొలత 1070, సందు పోగా కొత్త ఫ్రేము 1064, అద్దం 844 × 844, అంటే 0.71. దాదాపు నాలుగో వంతు వెలుతురు పోయింది. ఇప్పుడు ఇదే లెక్క 600 × 600 కిటికీకి వేయండి. ఫ్రేము పీకితే అద్దం 370 × 370. ఇన్సర్ట్ అయితే 244 × 244. సగానికి పైగా పోయింది! కిటికీ చిన్నదయ్యే కొద్దీ ఇన్సర్ట్ నష్టం పెరుగుతుంది. బాత్‌రూము, మెట్ల దగ్గర, వంటింటి చిన్న కిటికీలకు ఇన్సర్ట్ వద్దని నేను గట్టిగా చెబుతాను. పెద్ద హాలు కిటికీకి ఆ నష్టం కంటికి పెద్దగా ఆనదు.

వెలుతురు తగ్గినట్టే తెరిచినప్పుడు దొరికే ఖాళీ కూడా తగ్గుతుంది. పడకగదిలో కనీసం ఒక కిటికీ, అగ్నిప్రమాదం జరిగితే మనిషి బయటికి దూకగలిగేంత వెడల్పుగా తెరుచుకోవాలి. మీరుండే చోట దీనికి కొలతల నిబంధన ఉంటే ఆర్డరు పెట్టకముందే దానితో సరిచూడండి. కిటికీకి ఊచలుంటే లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్ ఒకటైనా ఉండాలి.

ఇన్సర్ట్ పెట్టేటప్పుడు పాత ఫ్రేములో రెక్క ఆనే అంచును ఒక వైపు ఉంచి దానికి కొత్త ఫ్రేమును ఆనించాలి. ఆనే ముఖానికి సీలెంట్ గీత వేసి, ఫ్రేమును నొక్కి, స్క్రూ పాత చెక్కలోకి కనీసం 30 మి.మీ. దిగేలా బిగించాలి. పాత చెక్క బయటి ముఖం ఎండకూ వానకూ అలాగే ఉండిపోతుంది కాబట్టి, దాన్ని అల్యూమినియం రేకుతో కప్పేవాళ్లున్నారు. కప్పే ముందు చెక్కకు ప్రైమరు వేయాలి, రేకు కింది అంచును సీలెంట్‌తో మూసేయకూడదు. పైనుంచి ఎలాగో ఒకలా చేరే నీటికి కింద దారి ఉండాలి. అన్ని వైపులా మూసేస్తే లోపల చేరిన తేమ బయటికి పోలేక, బాగున్న చెక్క కూడా రేకు వెనకాల కుళ్లిపోతుంది. ఇన్సర్ట్‌లు పాడవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే. ఇనప ఫ్రేము మీద నేరుగా అల్యూమినియం పెడితే తేమ తగిలినప్పుడు రెండు లోహాల మధ్య తుప్పు చర్య మొదలై అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది. మధ్యలో పీవీసీ పట్టీ ఉండాలి. అయినా పాత ఇనప ఫ్రేముల కమ్మీ సన్నం కాబట్టి స్క్రూకు తగినంత పట్టు దొరకదు. వాటిని కోసి తీసేయడమే మేలు.

ఫ్రేము మొత్తం పీకేటప్పుడు

ముందు పైన ఏముందో చూడాలి. లింటెల్ ఉందా, ఇటుక కమానా, అసలు ఏదీ లేకుండా ఫ్రేము మీదే ఇటుకలు కూర్చున్నాయా? పాత ఇళ్లలో దుక్కలాంటి చెక్క ఫ్రేములే పై వరసల బరువు మోస్తుండటం ఉంది. ఫ్రేము పై చెక్క మధ్యలో కిందికి వంగి ఉన్నా, కిటికీ పై మూలల నుంచి గోడలో మెట్లు మెట్లుగా బీటలున్నా, రెక్కలు పైన పట్టేస్తున్నా ఆగండి. పైన ఆసరా పెట్టకుండా ఆ ఫ్రేమును ముట్టుకోకూడదు. లింటెల్ వేయించాకే కిటికీ పని.

పీకే వరస ఇలా ఉంటుంది. రెక్కలు తీసి, ఊచలు కోసేస్తారు. ఫ్రేము చుట్టూ పూత మీద గ్రైండరుతో డైమండ్ బ్లేడు పెట్టి 10 నుంచి 15 మి.మీ. లోతు గీత కోయాలి. ఆ గీత లేకుండా గడ్డపార పెడితే పూత పెళ్లలు పెళ్లలుగా ఊడి, నాలుగంగుళాల అతుకుతో పోయేది అడుగున్నర అవుతుంది. నిలువు చెక్కను మధ్యలో ఏటవాలుగా కోసి, రెండు ముక్కలను లోపలికి లాగాలి. ఫ్రేమును గోడకు పట్టే ఇనప హోల్డ్‌ఫాస్ట్‌లు ఒక్కో వైపు రెండు మూడుంటాయి. వాటిని గోడలోంచి పెకలించకుండా కోసేయడం మంచిది. పెకలిస్తే వాటితో పాటు సగం ఇటుక వస్తుంది. కోసిన మొనలకు తుప్పు పట్టకుండా జింకు ప్రైమరు పూసి మాలుతో కప్పేయాలి. పాత రంగు ఉన్న చెక్కను పొడిగా గీకకండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పసిపిల్లలకు చాలా ప్రమాదం. తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి, కింద ప్లాస్టిక్ పట్టా పరచాలి, చెత్తను అదే పట్టాలో చుట్టి తీసేయాలి.

ఖాళీ అయిన గోడలో అసలు విలువైన పని సిల్ దగ్గర ఉంటుంది. ఈ పద్ధతికి పెట్టే డబ్బుకు ఫలితం దక్కేదీ ఇక్కడే. కింది ఇటుక మీద మాలును బయటికి వాలుగా వేయాలి. అది ఆరాక నీరు చొరని పూత రెండు పొరలు వేయాలి. ఆ పూత రెండు పక్కలా గోడ మీదికి ఒక జానెడు ఎక్కాలి, గది వైపు అంచు కొద్దిగా పైకి లేవాలి. పళ్లెంలా మూడు వైపులా అంచులు లేచి, బయటి వైపు మాత్రమే తెరిచి ఉండాలి. ఎప్పుడో ఒకప్పుడు ఫ్రేము కిందికి నీరు చేరుతుంది. చేరిన నీరు గదిలోకి కాక బయటికే పోవాలంటే దారి ఇదొక్కటే. కొత్త కిటికీ బిగిశాక ఈ పని చేయడం కుదరదు. అందుకే ఆ రోజు దగ్గరుండి చూసుకోండి.

ఫ్రేమును ప్లాస్టిక్ ప్యాకర్ల (సందు సర్దే చిన్న బిళ్లల) మీద నిలబెట్టి, రసమట్టంతో అడుగు, తూకుగుండుతో పక్కలు సరిచూసి, రెండు మూలమధ్య కొలతలూ (ఎదురెదురు మూలల మధ్య ఏటవాలు దూరాలు) సమానంగా ఉన్నాయో లేదో చూశాకే మొదటి రంధ్రం వేయాలి. స్క్రూలు మూల నుంచి 150 నుంచి 200 మి.మీ. దూరంలో మొదలై, ఆ తర్వాత 600 మి.మీ. మించకుండా రావాలి. 7.5 మి.మీ. ఫ్రేమ్ స్క్రూకు 6 మి.మీ. రంధ్రం. కాంక్రీటులో 40, ఇటుకలో 60 మి.మీ. లోతుకు దిగాలి. ఇటుకల మధ్య మాలులోకి, ఇటుక అంచుకు దగ్గరగా వేసినవి పట్టు నిలవవు. ప్రతి స్క్రూ దగ్గరా ఫ్రేముకూ గోడకూ మధ్య ప్యాకరు ఉండి తీరాలి. లేకపోతే స్క్రూ బిగించేకొద్దీ ఫ్రేము గోడ వైపు విల్లులా వంగుతుంది, రెక్కకూ ఫ్రేముకూ మధ్య సందు నడుమ దగ్గర వెడల్పవుతుంది, ఆ తర్వాత ఎన్ని గాస్కెట్లు మార్చినా గాలి ఆగదు. కింది అడ్డకమ్మీకి పైనుంచి రంధ్రం వేయడం కంటే పక్కకు వచ్చే పట్టీలతో గోడకు బిగించడం మేలు. నీరు నిలిచే గాడిలో రంధ్రం వేస్తే నీటికి మనమే దారి ఇచ్చినట్టు.

చుట్టూ సందును సిమెంటు మాలుతో గట్టిగా కూరడం యూపీవీసీకి చేటు. మీటరు పొడవు యూపీవీసీ ఒక డిగ్రీకి దాదాపు 0.07 మి.మీ. పెరుగుతుంది. రెండు మీటర్ల ఫ్రేముకు 40 డిగ్రీల తేడా వస్తే లెక్కకు 5.6 మి.మీ. లోపల ఉక్కు గొట్టం ఉంటే కొంత ఆగుతుంది, ముదురు రంగయితే ఎండకు ఇంకా వేడెక్కుతుంది. కదలడానికి చోటు లేకపోతే వంగుతుంది, మూలల మీద ఒత్తిడి పడుతుంది. అల్యూమినియం అదే తేడాకు 1.8 మి.మీ. మాత్రమే కదులుతుంది. కానీ తడి సిమెంటులోని క్షారం దాని పూతను కొరికి మరక చేస్తుంది, ఆ మరక పోదు. అందుకే రక్షణ ఫిల్ము పూత పని అయ్యేదాకా ఉంచాలి, అయిన వెంటనే తీసేయాలి. నెలల తరబడి ఎండలో ఉంచితే జిగురు అంటుకుపోతుంది.

సందులో తక్కువగా ఉబ్బే ఫోమ్ వాడాలి. గోడను కాస్త తడిపి, సందులో సగానికి పైగా నింపితే చాలు, మిగతాది అదే ఉబ్బుతుంది. ఎక్కువ ఉబ్బే రకం ఫ్రేమును లోపలికి నెట్టేస్తుంది. ఫోమ్ నీటిని ఆపదు, ఎండ తగిలితే పొడై రాలిపోతుంది. నీటిని ఆపేది బయటి సీలెంట్. దానికి ముందు సందులో గుండ్రటి ఫోమ్ తాడు పెట్టాలి. 10 మి.మీ. సందుకు 12 లేదా 13 మి.మీ. తాడు. దాని మీద సీలెంట్ 10 వెడల్పు, 5 లోతు. తాడు లేకుండా వేస్తే సీలెంట్ వెనక కూడా అతుక్కుని, ఫ్రేము కదిలినప్పుడు సాగలేక చిరుగుతుంది. సిలికాన్ న్యూట్రల్ రకమే కావాలి. వెనిగర్ వాసన కొట్టే రకం సిమెంటుకు సరిగ్గా అంటదు, లోహాన్ని తింటుంది. కొత్త పూత పూర్తిగా ఆరకముందే వేసిన సీలెంట్ కూడా ఊడిపోతుంది.

రెక్కలు మాత్రమే మార్చడం, గది వైపు రెండో కిటికీ

గట్టి చెక్క ఫ్రేము, నీరు కారని అతుకు ఉంటే దాన్ని పీకడం వృథా. కొత్త రెక్కలు చేయించుకోండి. చుట్టూ 2 నుంచి 3 మి.మీ. సందు, ఫ్రేము గాడిలో కుదించుకునే రబ్బరు గాస్కెట్, 1200 మి.మీ. దాటిన రెక్కకు మూడు బందులు. బరువు లెక్క వేసుకోవాలి: అద్దం ఒక మి.మీ. మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు. 500 × 1200 రెక్కలో 5 మి.మీ. ఒంటి అద్దం 7.5 కిలోలు, 5, 5 మి.మీ. జంట అద్దం 15 కిలోలు. పాత బందుల స్క్రూలు ఆ రెట్టింపు బరువుకు వదులై రెక్క కిందికి జారుతుంది. పైగా పాత రెక్కల గాడి చాలావరకు 10, 12 మి.మీ. లోతే ఉంటుంది. గాలి సందుతో 18 నుంచి 24 మి.మీ. వచ్చే జంట అద్దం అందులో ఇమడదు. పాత రెక్కలోనే అద్దం మార్చాలంటే 6.38 మి.మీ. లామినేటెడ్ అద్దం (మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించినది) బాగా కుదురుతుంది. చప్పుడు కొంత తగ్గుతుంది, పగిలినా ముక్కలు రాలవు.

గది వైపు అదనపు కిటికీకి అసలు బలం చప్పుడు తగ్గించడంలో ఉంది. రెండు అద్దాల మధ్య 100 మి.మీ. లేదా అంతకు మించి దూరం ఉంటే, మామూలు జంట అద్దం ఇవ్వలేని నిశ్శబ్దం వస్తుంది. వేడి, చలి కోసమైతే 16 నుంచి 20 మి.మీ. చాలు. ఇంటి ముందు రూపం మార్చకూడని చోట, అద్దె ఇంట్లో ఇది మంచి దారి. చలి ప్రాంతంలో లోపలి కిటికీ బయటి దానికంటే బిగుతుగా ఉండాలి. లేకపోతే గదిలోని తేమ గాలి మధ్యలోకి చేరి బయటి అద్దం మీద నీరు పడుతుంది. శుభ్రం చేయడానికి లోపలిది తెరుచుకునేలా ఉండాలి.

చప్పుడు విషయంలో ఇంకొక్క మాట. కిటికీ వైశాల్యంలో ఒక్క శాతం సందు మిగిలినా మొత్తం మీద 20 డెసిబెల్ మించి తగ్గదు, అద్దం ఎంత మందమైనా సరే. స్లైడింగ్ కిటికీకి మందపాటి అద్దం పెట్టించి నిరాశపడేవాళ్ల సమస్య చాలావరకు ఇదే. బ్రష్ సీలు సందును పూర్తిగా మూయదు.

స్లైడింగ్‌కు వానతో ఉన్న లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. గంటకు 46 కి.మీ. గాలి దాదాపు 100 పాస్కల్ ఒత్తిడి పెడుతుంది. అది ట్రాకులో నీటిని 10 మి.మీ. పైకి నెట్టగలదు. 80 కి.మీ. గాలికి అది 30 మి.మీ. అవుతుంది. లోపలి ట్రాకు అంచు అంతకంటే పొట్టిగా ఉంటే నీరు దాన్ని దాటి గదిలోకి దూకుతుంది. సిలికాన్‌తో ఇది ఆగదు. గాలివాన నేరుగా కొట్టే గోడకు తెరుపుడు రెక్కలే నయం. స్లైడింగే కావాలంటే ఆ అంచు ఎత్తు అడిగి కొలుచుకోండి.

అద్దం సంగతి క్లుప్తంగా: ఒంటి అద్దం వేడిని చదరపు మీటరుకు డిగ్రీకి 5.7 వాట్ల చొప్పున దాటిస్తుంది. మామూలు జంట అద్దం 2.8 దగ్గర. లో-ఈ పూత (వేడిని వెనక్కి పంపే పలుచని పొర), అద్దాల మధ్య ఆర్గాన్ వాయువు కలిస్తే 1.1 దగ్గరకు వస్తుంది. ఇది గాలి వేడి లెక్క. నేరుగా పడే ఎండను మామూలు జంట అద్దం పెద్దగా ఆపదు. పడమటి కిటికీకి ఎండను తగ్గించే పూత ఉన్న అద్దమో, బయట నీడో కావాలి. టఫెన్డ్ అద్దాన్ని (వేడిచేసి గట్టిపరిచినదాన్ని) తయారయ్యాక కోయడం సాధ్యం కాదు. కొలత తప్పితే పారేయాల్సిందే.

కొలత, గాలి, చివరి పరీక్ష

వెడల్పు పైన, మధ్యలో, కింద; ఎత్తు ఎడమ, మధ్య, కుడి. అన్నిట్లో చిన్నదే కొలత. 1204, 1198, 1201 వస్తే 1198 తీసుకుని, రెండు వైపులా కలిపి 10 తగ్గించి 1188 ఆర్డరు పెడతాం. అది కూడా మూలమధ్య కొలతలు చూశాకే. 1200 చదరపు ఖాళీలో ఆ రెండూ 12 మి.మీ. తేడా ఉంటే ఖాళీ 8, 9 మి.మీ. పక్కకు ఒరిగిందన్నమాట. నిలువుగా నిలబడాల్సిన ఫ్రేము ఇంకా అంత చిన్నదవ్వాలి. పూత కింద ఖాళీ ఎంత ఉందో పీకేదాకా తెలియదు కాబట్టి, ఫ్రేము పీకే పద్ధతిలో ఒక మూల పూత కొద్దిగా కొట్టి ఇటుక అంచు చూసుకుని కొలవాలి. కొత్త కిటికీ ఇంటికి వచ్చి, టేపుతో మళ్లీ సరిచూశాకే పాతదాన్ని ముట్టనివ్వండి.

పాత కిటికీల సందుల్లోంచి గాలి తెలియకుండానే మారుతుండేది. కొత్తవి బిగుతుగా వచ్చాక ఆ గాలి ఆగిపోతుంది. వంటిల్లు, బాత్‌రూములో తేమ గోడలకు పట్టి బూజు వస్తుంది. అంతకంటే పెద్ద సంగతి, గ్యాస్ గీజరు, గ్యాస్ పొయ్యి ఉన్న గదులు. గాలి చాలక మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అలాంటి గదిలో కిటికీ మార్చేటప్పుడు శాశ్వతంగా తెరిచి ఉండే గాలి దారి ఒకటి ఉంచి తీరాలి, దాన్ని ఎవరూ మూయకుండా చూడాలి. బాత్‌రూములో గ్యాస్ గీజరుంటే కిటికీ కంటే ముందు దాన్ని బయటికి మార్పించండి.

కొటేషన్లు తీసుకునేటప్పుడు ఏ పద్ధతో కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి. పాత ఫ్రేము ఉంటుందా, తీస్తారా? పూత, సిల్ వాటర్‌ప్రూఫింగు, రంగు, చెత్త తీయడం అందులోనే ఉన్నాయా? లోపల ఉక్కు గొట్టం మందం ఎంత? ఒకరు ఇన్సర్ట్‌కు, ఇంకొకరు ఫ్రేము పీకడానికి ధర చెబుతున్నప్పుడు చదరపు అడుగు లెక్కతో వాటిని పోల్చడం కుదరదు.

చివరి బిల్లు ఇచ్చే ముందు మూడు పరీక్షలు చేయండి. రెక్కకూ ఫ్రేముకూ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. నాలుగు వైపులా, బందుల దగ్గరా గడియ దగ్గరా, కాగితం గట్టిగా పట్టుకోవాలి. సులువుగా జారితే అక్కడ గడియ పట్టును సరిచేయమనండి. కింది గాడిలో ఒక గ్లాసు నీరు పోయండి. నిమిషంలో బయటి రంధ్రాల్లోంచి కారిపోవాలి. ఆగిందంటే సీలెంటో సిమెంటో ఆ రంధ్రాలను మూసేసింది, సన్నటి తీగతో తీయించండి. మూడోది మొదట్లో చేసిన పైపు పరీక్షే: కింది నుంచి పైకి, ఒక్కోచోట పది నిమిషాలు, లోపల ఒకరు టార్చితో. ఎక్కడైనా చుక్క కనిపిస్తే పనివాళ్లు అక్కడ ఉండగానే సీలెంట్ కోయించి మళ్లీ వేయించండి. పాతదాని మీదే ఇంకో పొర పూస్తే అది అంటదు.